ఐ.పి. పెడితే ఇల్లు నిలుస్తుందా?

ఆకివీడు రైతు:
మా అన్నయ్య వరితో పాటు రొయ్యల చెరువులు కూడా సాగు చేస్తారు. వైట్ స్పాట్ తెగులుతో వరుసగా పంటలు పోవడంతో మేత డీలరుకూ, ప్రామిసరీ నోట్ల మీద అప్పిచ్చినవారికీ బాకీ పడ్డారు. చెరువులు బ్యాంకు తనఖాలో ఉన్నాయి. ఐ.పి. (దివాలా పిటిషన్) పెట్టమని కొందరు, అంతకుముందే మిగిలిన ఎకరాన్ని పెళ్లయిన కూతురికి పసుపు కుంకుమ కింద రాసేయమని మరికొందరు చెబుతున్నారు. ఆయనకు రైస్ మిల్లులో వాటా కూడా ఉంది. 2016 నాటి దివాలా స్మృతి ఆయనకు వర్తిస్తుందా?

నరసాపురం న్యాయవాది:
వర్తించదు. ఆ స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం, 2019 డిసెంబరు 1 నుంచి, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి విషయంలో మాత్రమే అమల్లోకి వచ్చింది. రైతుకైనా, చిల్లర వ్యాపారికైనా మన జిల్లాల్లో నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. అప్పు 500 రూపాయలున్నా పిటిషన్ వేయవచ్చునన్న పరిమితి అందులో ఇంకా అలాగే ఉంది. ఐ.పి. నోటీసు అందితే అప్పు ఎగిరిపోయినట్టేనని ఊళ్లలో అనుకుంటారు గానీ, దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి కోర్టు అధీనంలోకి, లేదా రిసీవరు (ఆస్తి నిర్వహణకు కోర్టు నియమించే వ్యక్తి) చేతికి వెళ్తుంది, ఆ తరువాత కోర్టు విడిగా విడుదల ఉత్తర్వు ఇస్తేనే అప్పుల నుంచి విముక్తి. తనఖా మీద బ్యాంకు హక్కు చెక్కుచెదరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జప్తు చేయరాని వ్యవసాయ పనిముట్లు, విత్తనాలు, రైతు నివసించే ఇల్లు రిసీవరుకు చెందవు. అయితే స్వయంగా సాగు చేస్తూ, ప్రధానంగా వ్యవసాయ భూమి ఆదాయంతో బతికేవారికే ఇంటి రక్షణ ఉంది కనుక, రొయ్యల ఆదాయం ఎక్కువైతే అవతలివారు తప్పక అభ్యంతరం చెబుతారు.

పసుపు కుంకుమ మాట మాత్రం మరచిపోండి. ఉచితంగా రాసిన తరువాత రెండేళ్లలోపు పడిన పిటిషన్ మీద దివాలా ప్రకటిస్తే ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. పెళ్లికి ముందు, పెళ్లి నిమిత్తం రాసినదానికే మినహాయింపు.

తణుకు ఆడిటర్:
మిల్లు కంపెనీనా, భాగస్వామ్యమా అన్నది ముందు చూడండి. కంపెనీ అయితే ఎగవేత కనీసం కోటి రూపాయలుంటే, అప్పిచ్చినవారు 2016 స్మృతి కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. భాగస్వామ్యమైతే మిల్లు అప్పుకు ఆయన సొంత ఆస్తీ బాధ్యతే.

ఆకివీడు రైతు:
భాగస్వామ్యమేనండి. నోట్ల మీద హామీ సంతకం నాది.

నరసాపురం న్యాయవాది:
అన్నయ్యకు విడుదల వచ్చినా మీకు రాదు. మీరు చెల్లించినంత మేరకు అప్పిచ్చినవారి స్థానంలో నిలిచి ఆయన ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చు కనుక, ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకోండి.