మెరైన్ క్లేలో 6 మీటర్ల లోతు సంపు: నేలను ముందు ఎలా గట్టిపరచాలి?

నమస్కారం అండి. కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఒక అండర్‌గ్రౌండ్ సంపు కట్టాలి. నేను సైట్ ఇంజినీర్‌ని. బోరు వేస్తే పైన మీటరున్నర గ్రావెల్, దాని కింద 11 మీటర్ల దాకా నల్లటి మెరైన్ క్లే (సముద్రపు మెత్తటి బంకమట్టి). ఎస్‌పీటీ విలువ (నేలలోకి రాడ్లు దించడానికి పట్టే సుత్తి దెబ్బల లెక్క) 2 దాటలేదు. ఒకచోట దెబ్బ వేయకుండానే రాడ్లు వాటి బరువుకే దిగిపోయాయి. శాంపిల్ నొక్కితే వేళ్ల సందుల్లోంచి వెన్నలా జారుతోంది, మధ్యలో గవ్వ ముక్కలు తగులుతున్నాయి.

పీవీడీ డ్రెయిన్లు (మట్టిలోని నీరు బయటికి రావడానికి నిలువుగా దించే ప్లాస్టిక్ పట్టీలు) దించి, పైన మట్టి దిబ్బ పోసి నీరు పిండేద్దామని మొదట అనుకున్నాను. కానీ 4 మీటర్ల దూరంలో పాత మేడ ఉంది. దిబ్బ బరువుకి అదీ కుంగుతుందేమో! ఆ ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఆవిడ రోజూ గోడ పగులు చూపించి అడుగుతుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

పైగా సంపు బరువు మనం తీసే మట్టి కంటే తక్కువే. కాబట్టి తర్వాత కుంగడం కంటే, తవ్వేటప్పుడు అడుగు ఉబ్బి షీట్ పైల్స్ (గుంత చుట్టూ దించే ఉక్కు పలకల గోడ) లోపలికి ఒరగడమే నా అసలు టెన్షన్. అందుకే సిమెంటును లోతులోనే మట్టితో కలిపే డీప్ మిక్సింగ్ వైపు మొగ్గుతున్నాను.

ఇలాంటి ఉప్పునీటి బంకమట్టిలో ఆ పని చేసినవాళ్లు ఉన్నారా? ఘనపు మీటరుకు సిమెంటు ఎంత వాడారు? ఎన్ని రోజులకు తవ్వకం మొదలుపెట్టారు? వర్షాలు రాకముందే తేల్చుకోవాలి, దయచేసి చెప్పండి.