ఓర్పు పరీక్షను కలుగజేస్తుందా? రోమా 5:3–4 మీద చర్చ

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. బైబిలులో పౌలు రాసిన రోమా పత్రిక అయిదో అధ్యాయంలో “శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేయునని యెరిగి శ్రమలయందును అతిశయపడుదము” అని చదువుతాం. యాకోబు పత్రిక మొదటి అధ్యాయానికి వస్తే, విశ్వాసానికి కలిగే పరీక్ష ఓర్పును పుట్టిస్తుందని ఉంది. ఒకచోట ఓర్పు ముందు, ఇంకొకచోట పరీక్ష ముందు. ఏది సరైన వరస? ఓర్చుకున్నవారికి ఫలితంగా దక్కేది మళ్లీ ఒక పరీక్షేనా? మా అమ్మగారు మంచాన పడిన దగ్గరి నుంచి ఈ వచనం చదివినప్పుడల్లా ఆ మాట దగ్గరే ఆగిపోతున్నాను.

ఒక సభ్యుడు

వరస గురించి అంత ఆలోచించనక్కరలేదండీ. విశ్వాసి జీవితంలో పరీక్ష, ఓర్పు ఒకదాని వెంట ఒకటి తిరుగుతూనే ఉంటాయి. ఎక్కడి నుంచి మొదలుపెట్టినా ఒకటే.

జవాబు

వరస ముఖ్యమేనండీ. పౌలు ఒక మాట మీద ఇంకొక మాటను మెట్టుగా పేర్చుకుంటూ వెళ్లాడు. చక్రంలా తిరిగేదైతే చివర నిరీక్షణకు చేరే దారే ఉండదు.

యాకోబు వాడిన గ్రీకు మాట దొకిమియొన్. అంటే పరీక్షించడం, పరీక్షించే సాధనం. రోమా పత్రికలో ఉన్నది దొకిమే. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే. కానీ ఈ వచనంలో దొకిమే పరీక్ష ముగిశాక తేలిన దాన్ని చెబుతుంది. మన భాషలో దానికి చక్కని నుడికారం ఉంది: నిగ్గు తేలడం. శ్రమ వల్ల ఓర్పు, ఓర్పు వల్ల నిగ్గు తేలిన గుణం, ఆ గుణం వల్ల నిరీక్షణ. ఇలా చదివితే యాకోబుకూ పౌలుకూ పేచీ లేదు. ఆయన పరీక్ష దగ్గర మొదలుపెట్టి ఓర్పు వరకు చెప్పాడు, ఈయన ఓర్పు దాటి అవతల ఏముందో చెప్పాడు.

దీనికి సాక్ష్యం మన పాత తెలుగు బైబిలులోనే ఉంది. ఫిలిప్పీ 2:22లో తిమోతి గురించి “అతని యోగ్యత మీరెరుగుదురు” అని ఉంటుంది. అక్కడ పౌలు రాసిన మాట ఇదే దొకిమే. తిమోతికి వచ్చిన కష్టాల సంగతి కాదది. కష్టాల్లో అతడు ఎలాంటివాడని తేలిందో ఆ సంగతి. పేతురు మొదటి పత్రిక 1:7లో విశ్వాసం బంగారం కంటే అమూల్యమని, “ఈ పరీక్షకు నిలిచినదై” ఉంటుందని చదువుతాం. ఆ ‘నిలిచిన’ అన్న భాగం రోమా వచనంలో కూడా మనసులో పెట్టుకుంటే మీ చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఉంది. చావు జరిగిన ఇంటికి వెళ్లి, బిడ్డను పోగొట్టుకున్న తల్లితో “దేవుడు నిన్ను పరీక్షిస్తున్నాడమ్మా” అంటూ ఈ వచనాన్ని ఎత్తి చూపేవారిని చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. ఈ వచనం ఆ మాట చెప్పదు. శ్రమ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు లేదు. వచ్చిన శ్రమలో నిలిచినవారిలో ఏమి పెరుగుతుందో చెప్పడం వరకే దీని పని. “శ్రమలయందును” అన్న విభక్తిని కూడా గమనించండి. శ్రమ బాగుందని సంతోషించమనడం లేదు. దాని మధ్యలో ఉండి కూడా తల ఎత్తుకోగలమంటున్నాడు. ఇది ఒడ్డున కూర్చుని చెప్పిన మాట కూడా కాదు. “అయిదుమారులు ఒకటి తక్కువ నలువది దెబ్బలు” తిన్నానని కొరింథీయులకు రాసుకున్న మనిషి రోమావారికి ఇది రాశాడు.

ఓర్పు గురించి కూడా ఒక మాట. దాని గ్రీకు మూలం హుపొమొనే. బరువు కింద నుంచి పారిపోకుండా నిలబడి ఉండడమని దాని భావం. యాకోబు 5:11లో యోబుకు ఉందని చెప్పిన “సహనము” కూడా ఇదే మాట. యోబు గ్రంథం చదివినవారికి తెలుసు, ఆయన నోరు మూసుకుని కూర్చోలేదు. పుట్టిన దినాన్ని శపించాడు, స్నేహితులతో వాదించాడు, దేవుణ్ణే నిలదీశాడు. అయినా దేవుణ్ణి వదిలి వెళ్లలేదు. కాబట్టి మంచం పక్కన కూర్చుని ఏడ్చే కూతురికి ఓర్పు లేదని ఎవరూ అనకూడదు.

మరొక సభ్యురాలు

మా అబ్బాయి ‘శ్రమలయందు అతిశయపడడం’ అంటే కష్టపడి పనిచేసి గర్వపడడం అనుకున్నాడు. వాడి తప్పేమీ లేదు. వార్తాపత్రికల్లో శ్రమ అంటే పనే కదా: శ్రమజీవి, శ్రమదానం, శ్రమదోపిడి. మరి బైబిలులో ఈ అర్థం ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు

మంచి ప్రశ్న. శ్రమకు అలసట, బాధ అన్న అర్థాలు మొదటి నుంచీ ఉన్నాయి. తెలుగు క్రైస్తవ సంఘాలు బాధ వైపు అర్థాన్ని గట్టిగా పట్టుకున్నాయి, బయటి లోకం పని వైపు నడిచింది. ఈస్టరుకు ముందు రోజులను శ్రమల దినాలు అనే అలవాటు అలా వచ్చిందే. పని అన్న అర్థానికి మన బైబిలు వేరే మాటలు వాడుకుంది: “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా” అని మత్తయిలో, “నీ చేతుల కష్టార్జితము” అని 128వ కీర్తనలో.

రోమా 5:3లో శ్రమ అన్నచోట గ్రీకులో థ్లిప్సిస్ ఉంది. నొక్కడం, ఒత్తడం, ఇరుకున పెట్టడం దాని మూలార్థం. 2 కొరింథీ 4:8లో దాని క్రియారూపాన్ని మనవాళ్లు “ఎటుబోయినను శ్రమపడుచున్నను ఇరికింపబడువారము కాము” అని అనువదించారు. ఆ వెంటనే వచ్చే మాట నాకు ప్రాణం: “అపాయములో నున్నను కేవలము ఉపాయములేనివారము కాము”. అక్కడ గ్రీకులో పౌలు ఒకే క్రియను ఉపసర్గ చేర్చి రెండోసారి వాడి చమత్కారం చేశాడు. తెలుగులోకి వచ్చేసరికి అది అపాయం, ఉపాయం అయింది. పదాల ఆటను పదాల ఆటతోనే తెచ్చిన ఆ అనువాదకులకు చేతులెత్తి మొక్కాలి.

పని, బాధ రెండూ కలిసిన శ్రమ మన నేల మీదే ఒకసారి కనిపిస్తుంది. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. ఆ సమయంలో బాప్తిస్మం అడిగినవారు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయపు పనులు ముగిశాక, ఇక చేతికి వచ్చేదేమీ లేనప్పుడు కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువును దేవుడు పరీక్షగా పంపాడని నేను అనను, అనలేను. కానీ దొకిమే అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, కూలి డబ్బు ఆగిపోయాక కూడా ఏటి ఒడ్డుకు నడిచి వచ్చిన ఆ జనాన్ని చూపిస్తాను.

ఒక పెద్దాయన

బాబూ, మా తాతల కాలం నుంచి కంఠస్థం చేసిన వాక్యమిది. ఇప్పుడు ‘పరీక్ష’ తప్పు, ‘నిగ్గు’ ఒప్పు అంటే పిల్లలు దేన్ని నమ్మాలి?

జవాబు

తాతగారూ, తప్పు అనే సాహసం నేను చేయను. 2 కొరింథీ 8:2లో మాసిదోనియ సంఘాల గురించి చెబుతూ పౌలు ఇదే దొకిమేను నిజంగానే పరీక్ష అన్న అర్థంలో వాడాడు. “వారు బహు శ్రమవలన పరీక్షింపబడగా” అని మనం చదువుతాం. కాబట్టి అనువాదకులకు ఆధారం ఉంది. ఆ మాటకు రెండు వైపులున్నాయి, రోమా వచనంలో సందర్భం రెండో వైపును కోరుతోంది, అంతవరకే నా మనవి. మీరు నేర్పినట్టే కంఠస్థం చేయించండి, అర్థం చెప్పేటప్పుడు మాత్రం “పరీక్షకు నిలిచిన గుణం” అని కలిపి చెప్పండి. ‘నిరీక్షణ’ దగ్గర కూడా ఒక్క క్షణం ఆగండి. ఈనాటి పిల్లలకు అది బస్సు కోసం ఎదురుచూడడం లాంటిదే. మన పాత బైబిలులో అది వస్తుందో రాదో తెలియని ఎదురుచూపు కాదు, తప్పక వస్తుందన్న నమ్మకంతో కూడిన ఆశ.

ఇక మొదట ప్రశ్న అడిగినవారికి. మీ అమ్మగారి పక్కన కూర్చుని ఈ భాగం చదివేటప్పుడు నాలుగో వచనం దగ్గర ఆపకండి. చాలామంది అక్కడే ఆపేస్తారు. అప్పుడు ఓర్చుకోవడం, నిగ్గు తేలడం అంతా రోగి భుజాల మీదే పడినట్టు వినిపిస్తుంది. అయిదో వచనంలో “ఈ నిరీక్షణ మనలను సిగ్గుపరచదు” అని చెప్పి, అందుకు కారణం కూడా చెప్పాడు: దేవుని ప్రేమ మన హృదయాల్లో కుమ్మరింపబడి ఉంది కాబట్టి. అక్కడ అమ్మగారు చేయవలసిన పని ఏదీ లేదు. ఆ వచనం కూడా కలిపి చదవండి.