ఒక్క కాల్ వస్తే ఇంట్లో నాలుగు మోగుతున్నాయి, ఏం చేయాలి?

ఇర్వింగ్ నుంచి, కొత్తగా వచ్చినవాణ్ణి:

అందరికీ నమస్తే. మేం ఇండియా నుంచి అమెరికాలో డాలస్ వైపు వచ్చి మూడు వారాలైంది. అమ్మ మధ్యాహ్నం భోంచేసి, గిన్నెలు సర్దుకుని ఒంటిగంటకు ఫోన్ చేస్తుంది. ఇక్కడ అప్పుడు రాత్రి రెండున్నర. ఎన్నిసార్లు చెప్పినా ఆ లెక్క ఆవిడకి పట్టుబడటం లేదు. నా ఫోన్, మా ఆవిడ ఫోన్, ఐప్యాడ్, హాల్లో మ్యాక్ అన్నీ ఒకేసారి మొదలుపెడతాయి. ఐప్యాడ్ ఉండేది పాప గదిలో. పాప లేచిందంటే ఇక మాకు తెల్లారినట్టే. అన్నీ సైలెంట్‌లో పెడదామంటే నాన్నకి ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదు, అదో టెన్షన్. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

ప్లేనో నుంచి:

తమ్ముడూ, ముందు ఒక్క మాట చెప్పు. మీ ఆవిడ ఫోన్‌లో ఉన్నది నీ యాపిల్ ఐడీయేనా (సెట్టింగ్స్‌లో ఇప్పుడు ‘యాపిల్ అకౌంట్’ అని ఉంటుంది)? అయ్యే ఉంటుంది. మనవాళ్ల ఇళ్లలో సగం మంది ఇంతే. ఇండియాలో ఐప్యాడ్ కొన్న రోజు షాపులోనే ఒక ఐడీ తెరిచి, ఇంటిల్లిపాదికీ అదే పెట్టేస్తాం. యాపిల్ లెక్కలో అవన్నీ నీ ఒక్కడివే. అందుకే నీకొచ్చిన కాల్ ఒకే వైఫైలో ఉన్న వాటన్నిటికీ పంపుతుంది. ఎవరికి ఫోన్ చేశావో ఆ లిస్టు కూడా రెండు ఫోన్లలోనూ కనిపిస్తూ ఉంటుంది, గమనించావో లేదో!

ఈ రాత్రికి ఉపశమనం కావాలంటే నీ ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాప్స్, ఫోన్ లోకి వెళ్లి ‘కాల్స్ ఆన్ అదర్ డివైసెస్’ ఆపెయ్. పాత వెర్షన్ అయితే ‘ఫోన్’ నేరుగా సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఫేస్‌టైమ్‌ది వేరే స్విచ్, ఐప్యాడ్‌లో దాన్ని విడిగా ఆపాలి. వాట్సాప్ కాల్‌కి దీనితో సంబంధం లేదు. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి చూడు. ఒక నంబరు మీద మీ ఫోన్ కాక ఇంకో నాలుగు దాకా కలపొచ్చు. ఎప్పుడో ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కలిపినది కూడా అందులో కూర్చుని ఉంటుంది. అక్కర్లేనివి అక్కడినుంచే లాగౌట్ చెయ్.

అసలు మందు మాత్రం మీ ఆవిడకి సొంత ఐడీ. తర్వాత ఇద్దరి ఐడీలనీ యాపిల్ ‘ఫ్యామిలీ షేరింగ్’లో ఒక కుటుంబంగా కలుపు, అందులో ఆరుగురిదాకా ఉండొచ్చు. కొన్న యాప్‌లు, స్టోరేజీ పంచుకోవచ్చు, కాల్స్, మెసేజీలు ఎవరివి వారివే. మార్చేటప్పుడు ఫొటోలు, కాంటాక్టులు ముందు బ్యాకప్ చేసుకోండి. ఒక శనివారం పొద్దున కూర్చుంటే అయిపోతుంది.

ఇక సైలెంట్ సంగతి. నేను కూడా వచ్చిన కొత్తలో విసుగొచ్చి రాత్రి పదికల్లా అన్నీ నోరు మూయించేవాణ్ణి. మా పెద్దనాన్న పోయిన రాత్రి కూడా అలాగే చేశాను. పొద్దున ఏడింటికి చూస్తే 23 మిస్డ్ కాల్స్. అప్పటికి అక్కడ దహనం కూడా అయిపోయింది. వీడియోలో చివరిచూపైనా చూసేవాణ్ణి కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి అన్నీ ఆపకు, ఒక్కదాన్ని మేలుకోనివ్వు. నీ ఫోన్‌లో స్లీప్ ఫోకస్ (నిద్రవేళ ఫోన్ మోగకుండా ఆపే సెట్టింగ్) పెట్టి, అమ్మ, నాన్న, పక్కింటివాళ్ల నంబర్లకి మాత్రం అనుమతి ఇవ్వు. అమ్మ రోజూ చేస్తుందంటావా, అయితే అమ్మ నంబరు తీసేసి ‘రిపీటెడ్ కాల్స్’ ఆన్ చెయ్. అప్పుడు మొదటి కాల్ మోగదు, మూడు నిమిషాల్లోపు మళ్లీ చేస్తే మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ గడువు పదిహేను నిమిషాలు. అమ్మకి ఇంతే చెప్పు: “ఊరికే మాట్లాడాలంటే ఒకసారి చెయ్, నేను లేచాక చేస్తాను. అవసరమైతే వెంటనే రెండోసారి చెయ్, అది కూడా వాట్సాప్‌లో కాదు, మామూలు కాల్.” ఫోకస్‌లో ‘షేర్ అక్రాస్ డివైసెస్’ ఆన్‌లో ఉంటే ఐప్యాడ్, మ్యాక్ కూడా దాంతోపాటే పడుకుంటాయి.

ఇంకోటి. సుడిగాలి హెచ్చరికలు వస్తే అర్ధరాత్రి ఫోన్ సైరన్‌లా అరుస్తుంది. భయపడి అవి ఆపెయ్యకండి. అవి ఐడీని బట్టి కాదు, దగ్గరున్న టవర్‌ని బట్టి వస్తాయి. వట్టి వైఫై ఐప్యాడ్‌ని నమ్ముకుని ఫోన్ స్విచాఫ్ చేస్తే తెలియనే తెలియదు. టెక్సస్‌లో వసంతకాలం మామూలుది కాదు.

ఫ్రిస్కో నుంచి:

అన్న చెప్పిందంతా నిజమే కానీ ఒకటి వదిలేశారు, ఇండియాలో వదిలి వచ్చిన ఫోన్లు. నేను వచ్చేముందు నా పాత ఆండ్రాయిడ్ ఫోన్ నాన్నకిచ్చాను, నా జీమెయిల్ తీయకుండానే. ఆయన సేవ్ చేసిన ట్రాక్టర్ డ్రైవరు, మందుల షాపు, చిట్టీల ఆవిడ అందరూ నా కాంటాక్టుల్లోకి వచ్చేశారు. సరదాగానే ఉండేది. ఒకరోజు ఇక్కడ కొత్త ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవుతుంటే, ‘లాగిన్ అవుతున్నది మీరేనా’ అని అడిగే నోటిఫికేషన్ అక్కడ నాన్న ఫోన్‌లో కూడా పడింది. ఆయన వెంటనే ‘అవును’ నొక్కేశారు. అడిగితే, “నీ ఫోనే కదమ్మా, ఎప్పుడొచ్చినా అవుననే నొక్కుతున్నాను” అన్నారు. గుండె గుభేల్‌మంది. నా పాస్‌వర్డ్ దొంగిలించినవాడు రాత్రి ప్రయత్నించినా నాన్న చేత్తోనే తలుపు తెరుచుకునేది!

ఆ రోజే నాన్నకి సొంత జీమెయిల్ తెరిచి, గూగుల్ అకౌంట్‌లో ‘యువర్ డివైసెస్’కి వెళ్లి పాత ఫోన్‌ని ఇక్కడినుంచే సైనౌట్ చేశాను. తమ్ముడూ, నువ్వు కూడా ఇండియాలో ఎవరి చేతిలో ఏం వదిలొచ్చావో ఒకసారి గుర్తు చేసుకో.

రిచర్డ్‌సన్ నుంచి:

ఇండియా సిమ్ గురించి ఎవరూ చెప్పలేదు. బ్యాంకు ఓటీపీలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. రోమింగ్ ఆన్, డేటా రోమింగ్ ఆఫ్, రీచార్జి అయిపోకుండా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. వాడకం లేక నంబరు పోతే కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేస్తారు. వాళ్లు ఆ నంబరుతో వాట్సాప్ తెరిస్తే మీరు బయటికి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే కొత్త మోడళ్లలో సిమ్ ట్రే ఉండదు, పాత ప్లాస్టిక్ సిమ్ అందులో పట్టదు. ఊరెళ్లినప్పుడు ఈసిమ్‌గా (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్) మార్పించుకోండి, లేదా ఇండియా ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి ఒక మూల ఉంచుకోండి. నాది బియ్యం డబ్బా పక్కన ఉంటుంది.

ఇర్వింగ్ నుంచి, మళ్లీ నేనే:

అందరికీ చాలా థ్యాంక్స్. మా ఆవిడకి సొంత ఐడీ అయింది. ఐప్యాడ్ నోరు మూసింది. లింక్డ్ డివైసెస్‌లో మా తమ్ముడి కాలేజీ ల్యాప్‌టాప్ కూడా కనిపించింది, తీసేశాను. అమ్మకి రెండుసార్ల సంగతి వివరంగా చెప్పాను, అర్థమైందంది. నిన్న రాత్రి ఫోన్ మోగింది. కంగారుగా ఎత్తి “నాన్నకి ఎలా ఉంది?” అన్నాను. “నాన్న బాగానే ఉన్నారురా, రెండుసార్లు చేస్తే నిజంగా మోగుతుందో లేదో చూద్దామని” అంది. టైం చూస్తే రెండున్నర.