తారు లెక్క మీద గుత్తగా 10 శాతం కలపడం సరైనదేనా?

కొత్త_సైటు: పాత రోడ్డు మీద కొత్త పొర. పొడవు 100 మీటర్లు, వెడల్పు 6, రోలింగ్ అయ్యాక మందం 50 మి.మీ. అంటే 30 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 2.4 టన్నుల చొప్పున 72 టన్నుల మిక్స్ (తారు, కంకర కలిపినది). దీనిమీద 10 శాతం కలపమని మేస్త్రీ అంటున్నారు. రోలర్ కింద అణుగుతుంది కాబట్టి 25 కలపాలని ఇంకొకరు. ఏది నమ్మాలి?

మైలురాయి: 25 మాట వదిలేయండి. అణిగేది మందం, బరువు కాదు. పేవర్ (మిక్స్ పరిచే యంత్రం) 60 మి.మీ. పైగా పరిస్తేనే 50కి దిగుతుంది, నిజమే. కానీ 2.4 అన్నది అణిగాక ఉండే సాంద్రత. దాంతో లూజు మందాన్ని, అంటే అణగక ముందు మందాన్ని (25 శాతం కలిపితే 62.5 మి.మీ.) గుణిస్తే 90 టన్నులు తేలి, 18 టన్నులు ఊరికే మీద పడతాయి. 10 మాత్రం కలపాల్సిందే. మిక్స్ చాలక పని ఆగితే వేసిన అంచు చల్లారిపోతుంది. తర్వాత నీళ్లు దిగేది ఆ అతుకులోంచే.

లెవెల్‌పుల్ల: మైలురాయి గారూ, మొదటి మాటకు ఒప్పుకుంటాను. ఆ 10 మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? పాత రోడ్డు సగటున 10 మి.మీ. దిగి ఉంటే 14.4 టన్నులు అదనం, అంటే 20 శాతం. అదే పల్లం మీద 40 మి.మీ. పొర వేస్తే 25 శాతం అవుతుంది. పొర పలచనయ్యే కొద్దీ శాతం పెరుగుతుంటే ఒకే అంకె అన్ని రోడ్లకూ ఎలా సరిపోతుంది? చదునైన రోడ్డు మీద మీ పదిలో చాలా భాగం లారీలోనే గట్టిపడుతుంది.

మైలురాయి: ఇంత చిన్న పనికి లెవెల్ యంత్రం ఎవరు తెస్తారండీ?

లెవెల్‌పుల్ల: అక్కర్లేదు. 5 మీటర్లకోసారి కొత్త పొర పై మట్టానికి అడ్డంగా దారం లాగి, అక్కణ్ణుంచి పాత రోడ్డు దాకా ఎడమ, మధ్య, కుడి టేపుతో కొలవండి. సగటు మందం తేలిపోతుంది. వృథా కింద ఆపైన 2, 3 శాతం వేసుకోండి.

ప్లాంటు_మనిషి: 2.4ని కూడా కళ్లు మూసుకుని వాడకండి, మిక్స్ రిపోర్టు అడగండి. 2.3 అయితే 69 టన్నులే. అయినా నా ఓటు కొలతకే. సాంద్రత తేడా 3 టన్నులు, పల్లం తేడా 14.

మైలురాయి: కొలిచినా గుంతలన్నీ దారానికి దొరకవు. సగం పొడవు అయ్యాక ఎన్ని టన్నులు పోయాయో చూడండి. 36 పోవాల్సిన చోట 40 పోతే, చివరి లారీ లోడవకముందే ప్లాంటుకు ఫోన్ చేయండి.

లెవెల్‌పుల్ల: దీనికి నా అభ్యంతరం లేదు. గుత్త 10కి మాత్రం ఇప్పటికీ ఉంది.