రోబో వాక్యూమ్‌ను రాత్రంతా డాక్ (ఛార్జింగ్ స్టాండు) మీదే ఉంచాలా, ప్లగ్ తీసేయాలా? మా ఇంట్లో పంచాయితీ

నల్లగొండ కోడలు:
రోబో కొని రెండేళ్ల నాలుగు నెలలు, వారంటీ అయిపోయింది. మొదట్లో ఒక్క ఛార్జ్‌తో హాలు, మూడు గదులు ఊడ్చి తడిగుడ్డ కూడా పెట్టేది. ఇప్పుడు హాలు సగంలోనే వదిలేసి డాక్‌కు పోతోంది. ఇంకో వింత, డాక్ ఎక్కి కూర్చుని "ఛార్జింగ్" అంటుంది, అయినా పొద్దున చూస్తే ఉలుకూ పలుకూ ఉండదు.

మా అత్తమ్మ ఒక్కోసారి పడుకునే ముందు డాక్ స్విచ్ ఆపేస్తారు. "రాత్రంతా కరెంటు తాగితే బ్యాటరీ ఉబ్బుతుంది, ఫోన్లు పేలడం లేదా" అంటారు. అలా ఆపడం వల్లే పాడైందని మా ఆయన. సర్వీసు వాళ్లేమో వస్తువు చూడకుండానే బ్యాటరీ మార్చాలన్నారు. ఎవరి మాట వినాలి?

పాలమూరు తమ్ముడు:
అత్తమ్మ మాటే కరెక్టు అక్కా. లిథియం బ్యాటరీని ఎప్పుడూ నూరు శాతం మీద ఉంచితే తొందరగా ముసలిదవుతుంది. అందుకే కదా ఇప్పుడు ఫోన్లలో, లాప్‌టాప్‌లలో 80 దగ్గర ఆపే సెట్టింగ్ ఇస్తున్నారు. ఛార్జ్ కాగానే ప్లగ్ పీకేయండి.

వైండింగ్ షాపు, మిర్యాలగూడ:
తమ్మీ, 80 మాట నిజమే. కానీ ప్లగ్ పీకితే రోబో 80 దగ్గర ఆగుతుందా? కిందికి దిగుతూనే పోతుంది. రోబో నిద్రపోయినట్టు కనిపిస్తుంది గానీ వైఫై, లోపలి బోర్డు మేలుకునే ఉంటాయి.

ఈ మెషిన్లలో ఎక్కువగా ఉండేది 14.4 వోల్టుల ప్యాక్, అంటే నాలుగు సెల్స్ వరుసగా. 14.4 అనేది సగటు లెక్క, నిండినప్పుడు ఒక్కో సెల్ 4.2 వోల్టులు, మొత్తం 16.8. నిండాక ఛార్జింగ్ ఆగిపోతుంది, రాత్రంతా కరెంటు తోస్తూ ఉండదు. అదే పూర్తిగా ఖాళీ చేసి రోజుల తరబడి వదిలేస్తే సెల్ 2.5 వోల్టుల కిందికి పడిపోవచ్చు. అప్పుడు ప్యాక్‌లోని రక్షణ బోర్డు తలుపు మూసేస్తుంది, డాక్ మీద పెట్టినా తీసుకోదు. నా బల్ల మీదకు వచ్చే "చచ్చిన" ప్యాకులలో ఇవే ఎక్కువ. నెలకోసారి పూర్తిగా ఖాళీ చేయాలనే సలహా కూడా పాత నికెల్ బ్యాటరీల కాలంది, లిథియంకు అది చెరుపే.

అక్కా, మీది మాత్రం ఒకటి కాదు, రెండు రోగాలని నా అనుమానం. సగంలో ఆగడం వేరు, రాత్రంతా డాక్ మీద ఉండి కూడా ఛార్జ్ ఎక్కకపోవడం వేరు. స్విచ్ ఆపని రోజు కూడా ఇలాగే ఉందా?

నల్లగొండ కోడలు:
అత్తమ్మ ఊరెళ్లిన వారం స్విచ్ అసలు ఆపలేదు. అప్పుడూ రెండుసార్లు ఇలాగే అయింది!

దేవరకొండ సారు:
ఇద్దరూ ఎండ సంగతి వదిలేశారు. మే నెలలో మన దగ్గర 44, 45 చూస్తాం. లిథియం సెల్స్‌కు ఛార్జింగ్ సాధారణంగా 45 డిగ్రీల వరకే. నా డాక్ పడమటి గోడ కింద, రేకుల గదిలో ఉండేది. మధ్యాహ్నం ఛార్జింగ్ మొదలుకావడం, ఆగడం, రాత్రి పదింటికి మళ్లీ బుద్ధిగా ఎక్కడం. బ్యాటరీ పోయిందని ఆర్డర్ కూడా పెట్టబోయాను. హాల్లోకి, తాండూరు బండల మీదకు మార్చాక అది తగ్గింది. నూరు శాతం మీద ఉంచడంతో పాటు వేడి కూడా తోడైతేనే అసలు నష్టం. కాబట్టి గొడవ ప్లగ్ గురించి కాదు, చోటు గురించి.

పాలమూరు తమ్ముడు:
అంటే నూరు మీద ఉంచడం నష్టమేనని సారు కూడా ఒప్పుకున్నట్టే కదా 🙂

దేవరకొండ సారు:
ఒప్పుకున్నాను నాయనా. కానీ రోజూ తిరిగే మెషిన్‌కు దానికన్నా ఖాళీగా పడి ఉండడమే ఎక్కువ నష్టం.

నల్లగొండ కోడలు:
మాది హాల్లోనే, నీడలోనే ఉంది. కానీ ఇప్పుడే తిప్పి చూశాను, కింద ఉండే రెండు లోహపు పట్టీల మీద తెల్లగా పేరుకుంది. డాక్ పట్టీల మీద కూడా.

వైండింగ్ షాపు, మిర్యాలగూడ:
దొరికింది దొంగ. తడిగుడ్డకు బోరు నీళ్లు పోస్తున్నారు కదా? ఫ్లోరైడ్ అనగానే మన జిల్లా గుర్తొస్తుంది గానీ ఇది వేరే సంగతి, ఇది నీళ్లలోని సున్నం. తడి ఆరిపోయి పట్టీల మీద పొరలా మిగులుతుంది. రోబో డాక్‌కు ఆనుతుంది, కాసేపు ఛార్జ్ అందుతుంది, కొంచెం కదిలితే తెగిపోతుంది.

డాక్ ప్లగ్ తీసి, రోబో ఒంటికే పక్కన ఉండే స్విచ్ ఆపండి. వెనిగర్‌లో ముంచి బాగా పిండిన దూదితో పట్టీలు తుడిచి, తర్వాత తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడవండి. మొండి మరక ఉంటే పిల్లల రబ్బరుతో రుద్దండి. గరుకు కాగితం వద్దు, పైపూత లేచిపోతుంది. పూర్తిగా ఆరాక పక్క స్విచ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు, చాలా మోడళ్లు స్విచ్ ఆఫ్‌లో ఉంటే ఛార్జే తీసుకోవు. మల్టీమీటర్ ఉంటే అడాప్టర్ పిన్ దగ్గర వోల్టేజీ చూడండి. డాక్ పట్టీల మీద మాత్రం కొన్ని మోడళ్లలో రోబో ఎక్కేదాకా తక్కువ వోల్టేజీయే కనిపిస్తుంది, డాక్ పోయిందని కంగారు పడొద్దు.

బ్రష్ కూడా ఊడదీయండి. ఇరుసుకు జుట్టు చుట్టుకుంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, బ్యాటరీ తొందరగా దిగుతుంది.

కొల్లాపూర్ మామిడి:
ఇంత తతంగం ఎందుకు? కోఠి గుజరాతీ గల్లీలో సెల్స్ తెచ్చి వేయిస్తే సగం ధరకే అయిపోతుంది.

వైండింగ్ షాపు, మిర్యాలగూడ:
అన్నా, నేనూ అదే పని చేసి బతుకుతా, అయినా చెబుతున్నా: నాలుగు సెల్స్ ఒకే రకం, ఒకే కెపాసిటీ ఉండాలి, స్పాట్ వెల్డింగ్ కావాలి, పాత లాప్‌టాప్‌లోంచి తీసిన సెల్ కలపకూడదు. ఇవి తెలియనివాళ్ల చేతిలో పెడితే అత్తమ్మ భయమే నిజమవుతుంది.

నల్లగొండ కోడలు:
నాలుగు రోజులు చూసి రాస్తున్నా. పట్టీలు తుడిచాక ఒక్క రాత్రి కూడా ఛార్జ్ తప్పలేదు. బ్రష్ నుంచి గుప్పెడు జుట్టు వచ్చింది, అందులో ఎక్కువ నాదే. ఇప్పుడు హాలు, ఒకటిన్నర గది అవుతోంది. మునుపటిలా మాత్రం లేదు, బ్యాటరీ కొంత అరిగినట్టే. దసరా దాకా చూసి అప్పుడు కొత్త ప్యాక్ కొంటాం. ఊరెళ్తే సగం ఛార్జ్ మీద ఉంచి పక్క స్విచ్ ఆపేయాలని ఇంట్లో ఒప్పందం. అత్తమ్మ స్విచ్ జోలికి పోవడం లేదు గానీ, పడుకునే ముందు రోజూ వెళ్లి రోబో వీపు మీద చెయ్యి పెట్టి వేడి చూసి వస్తున్నారు.

వైండింగ్ షాపు, మిర్యాలగూడ:
అది మాత్రం మాన్పించకండి అక్కా. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి ఆనలేనంత వేడిగా ఉంటే వెంటనే ప్లగ్ తీయమనండి.

పాలమూరు తమ్ముడు:
చివరికి ప్లగ్ తీయమన్నారు! కంపెనీలు రోబోలకు కూడా 80 సెట్టింగ్ ఇచ్చేదాకా నా మాట నాదే.