మన సైన్యం పొరుగు దేశాల్లో దిగడం ఖర్చుకు తగిన పనేనా?

సూటిమాట:
2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్లు కేటాయించారు. సరిహద్దు కాపలాకి ఎంత పెట్టినా నాకు అభ్యంతరం లేదు. నా గొడవంతా 'ప్రాంతీయ శక్తి' అనిపించుకోవాలన్న మోజుతోనే. ఆ మోజులో 1987లో శ్రీలంక వెళ్లాం. సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుని 1990 మార్చిలో తిరిగొచ్చాం. ఏం ఒరిగింది? అక్కడి ప్రభుత్వానికీ తమిళ టైగర్లకూ మధ్య అంతర్యుద్ధం ఆగలేదు. మరుసటి ఏడే రాజీవ్ గాంధీని శ్రీపెరంబుదూరులో చంపేశారు. అక్కడ పెట్టిన డబ్బంతా గోడకు కొట్టిన సున్నం. బయటి దేశాల గొడవల్లో వేలు పెట్టకూడదని చట్టం చేసేస్తే సరి.

పాతపేపరు:
ఆ 6.81 లక్షల కోట్లలో దాదాపు 1.60 లక్షల కోట్లు పింఛన్లకే పోతాయి, అది మరవకండి. ఇక మీ చట్టం 1971లో ఉండి ఉంటే? తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి కోటి మంది దాకా శరణార్థులు వచ్చిపడ్డారు. ఆ నవంబరు నుంచి ఉత్తరాల మీద మామూలు స్టాంపుతో పాటు 5 పైసల శరణార్థి సహాయ స్టాంపు కూడా అంటించాల్సి వచ్చింది. మా ఇంట్లో పాత కవర్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. యుద్ధానికి వెళ్లకముందే ఖర్చు మన నెత్తిన పడిందన్నమాట. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16కి ముగిసింది. 1972 మార్చికల్లా సైన్యం వెనక్కి వచ్చేసింది.

సూటిమాట:
అందరూ 1971 ఒక్కటే చూపిస్తారు. అదో మినహాయింపు.

నడిమిబాట:
1988 మాల్దీవులు కూడా ఉంది కదండీ. నవంబరు 3న కిరాయి సైనికులు మాలేలో దిగారు. అధ్యక్షుడు గయూమ్ సాయమడిగారు. ఆ రాత్రికే ఆగ్రా నుంచి మన పారాట్రూపర్లు హుల్హులే విమానాశ్రయానికి చేరారు. కుట్రదారులు ఆ రన్‌వేని తమ చేతుల్లోకి తీసుకోలేదు, అదృష్టం కలిసొచ్చిందనే అనుకోండి. ఓడలో పారిపోతున్నవాళ్లను నౌకాదళం వెంటాడి పట్టుకుంది.

అప్పటికి అదే సైన్యం శ్రీలంకలో నానా తిప్పలు పడుతోంది. 1987 జూలై ఒప్పందం మీద సంతకాలు రాజీవ్‌వి, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనేవి. ఆయుధాలు అప్పగించాల్సిన టైగర్ల సంస్థ ఎల్‌టీటీఈ సంతకమే పెట్టలేదు! శాంతి పరిరక్షణ దళం అని పేరు పెట్టి పంపినవాళ్లు అక్టోబరుకల్లా యుద్ధంలో ఉన్నారు. జాఫ్నా విశ్వవిద్యాలయంలో టైగర్ల నాయకులను పట్టుకుందామని రాత్రిపూట హెలికాప్టర్లలో దింపారు. రేడియో మాటలు విన్న టైగర్లు ముందే కాచుకుని ఉన్నారు. సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది దిగితే 29 మంది చనిపోయారు. మాలేకి వెళ్లినవాళ్లకు ఏ పని అయ్యాక తిరిగి రావాలో తెలుసు. జాఫ్నాకి వెళ్లినవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి ఢిల్లీకే తెలియదు. అలాంటప్పుడు పంపకూడదు, నా పట్టు అంతే.

సూటిమాట:
1987లో కూడా 'త్వరగా తేలిపోతుంది' అనే అనుకుని ఉంటారు. ముందే తెలిసేదెలా?

నడిమిబాట:
తెలియదు. అందుకే పార్లమెంటు ఓటు ఉండాలి. ఇప్పుడు మన దేశంలో సైన్యాన్ని బయటికి పంపడానికి పార్లమెంటు అనుమతి అక్కర్లేదు.

పాతపేపరు:
అమెరికాలో అలాంటి చట్టం 1973 నుంచీ ఉంది. అయినా అఫ్గానిస్తాన్‌లో 20 ఏళ్లు కూర్చున్నారు.

నడిమిబాట:
ఎందుకంటే 2001లో వాళ్ల కాంగ్రెస్ ఇచ్చిన అనుమతిలో గడువు రాయలేదు. మాల్దీవుల లాంటి అత్యవసరం వస్తే పంపేయనివ్వండి, సభ కూర్చునేదాకా ఎవరూ ఆగరు. కానీ 30 రోజుల్లో ఓటింగ్ జరగాలి. ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకూ మళ్లీ ఓటు, దాని ఖర్చు రక్షణ బడ్జెట్‌లో కలిపేయకుండా విడి పద్దుగా చూపించాలి. దీనికైనా ఒప్పుకుంటారా, సూటిమాట గారూ?