సోలార్ కంచె: నేల ఎండాక పందులకు షాక్ తగలట్లేదు

ప్రశ్న (మడకశిర): అన్నా, వేరుశనగ చుట్టూ సోలార్ కంచె వేశాం. వానల్లో బాగానే కొట్టింది. ఇప్పుడు అడవిపందులు తీగ కిందనుంచే దూరి కాయలు తవ్వేస్తున్నాయి. బ్యాటరీ మార్చాలా?

జవాబు (కల్యాణదుర్గం): బ్యాటరీ జోలికి పోవద్దు తమ్ముడూ, ముందు ఎర్త్ చూడు. కరెంటు పంది ఒంట్లోంచి నేలలోకి దిగి, ఎర్త్ రాడ్ ద్వారా, తీగకు షాక్ పంపే మెషిన్‌కి తిరిగొస్తేనే దెబ్బ. మన ఎర్రనేల ఎండితే ఆ దారి మూసుకుపోతుంది. ఆరడుగుల జీఐ (జింకు పూత ఇనుము) రాడ్లు మూడు, పదేసి అడుగుల ఎడంలో, తేమ ఉండేచోట దించి, క్లాంపులతో గట్టిగా కలుపు. కింది తీగ జానెడు ఎత్తులోనే ఉండాలి. గడ్డి తగిలిందా, షాక్ అక్కడే కారిపోతుంది.

ఎర్త్ సరిపోయిందో లేదో చూడాలంటే, మెషిన్ ఆపి, వంద మీటర్ల అవతల నేలలో గుచ్చిన ఇనప రాడ్లు తీగకు ఆనించి, మళ్లీ ఆన్ చెయ్యి. ఎర్త్ రాడ్ దగ్గర ఫెన్స్ మీటర్ (కంచె వోల్టులు కొలిచేది) 300 వోల్టులు దాటితే ఇంకో రాడ్ కావాలి.

ప్రశ్న: మోటారు ఎర్త్‌కే కలిపేస్తే?

జవాబు: అస్సలొద్దు. దానికీ కంచె ఎర్త్ రాడ్లకీ మధ్య కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి.

ఇంకొకరు (పావగడ): మరీ ఎండితే రెండో తీగను ఎర్త్‌కి కలపండి, పంది రెండిటికీ తగిలితే నేలతో పనిలేదు. 230 వోల్టుల లైను మాత్రం ఎవరు చెప్పినా తగిలించొద్దండీ. మెషిన్ సెకనుకోసారి రెప్పపాటు కొట్టి వదిలేస్తుంది, లైను కరెంటు వదలదు. రాత్రి నీళ్లు కట్టడానికెళ్లినోళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.